ముఖాలఫా లెక్క: కొలిమి నుంచి క్వాంటమ్ యంత్రం దాకా

పోయిన శుక్రవారం ఎపిసోడ్‌లో మాటల మధ్య ఒక సంగతి అన్నాను. క్వాంటమ్ కంప్యూటర్లు తయారుచేసేవాళ్లు జనానికి చూపించడానికి ఎంచుకునే లెక్కల్లో మన బస్సుల రూట్ల లెక్క కూడా ఒకటి అని. అది విని చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. దమ్మామ్ నుంచి ఒక వెల్డర్ అన్న, “మా పనికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?” అని అడిగాడు. ఉందన్నా, దాని పేరులోనే ఉంది, కింద చెప్తాను. సోహార్ నుంచి ఒక తమ్ముడు మాత్రం వేరే సంగతి అడిగాడు. ‘క్వాంటమ్ కంప్యూటర్‌తో ట్రేడింగ్’ అని ఎవరో వాట్సాప్ గ్రూపులో చేర్చారట. ఆరు నెలల జీతం పెడితే ఏడాదికి మూడింతలు అంటున్నారట. పెట్టమంటారా అని అడిగాడు. అతనికి ఆ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పాను. ఎందుకు వద్దో సరిగ్గా చెప్పాలంటే మాత్రం ఈ కథంతా చెప్పాలి. ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పట్లాగే విడిగా ఉంది. ఇది ఆడియోలో పట్టని చరిత్ర.

కొత్తగా వింటున్నవాళ్ల కోసం ఒక ముక్క. నేను షార్జాలో ఒక రవాణా కంపెనీలో ట్రిప్ షీట్లు రాస్తాను. సజ్జా, సోనాపూర్, జెబెల్ అలీ క్యాంపుల నుంచి సైట్లకు మనుషుల్ని తీసుకెళ్లే బస్సులు ఏ వేళకు, ఏ దారిన, ఎక్కడెక్కడ ఆగుతూ పోవాలో రాసే పని. కాబట్టి ఈ లెక్క నాకు పుస్తకంలోది కాదు, రోజూ తెల్లవారి నాలుగింటికి ఎదురయ్యేది.

ఒక బస్సు 10 చోట్ల ఆగాలనుకోండి. ఏది ముందు, ఏది వెనక అని వరసలు మార్చుకుంటూ పోతే 36,28,800 రకాలుగా పోవచ్చు. అదే 15 చోట్లయితే ఆ సంఖ్య 1.3 లక్షల కోట్లు దాటుతుంది. 20 అయితే 19 అంకెల సంఖ్య. క్వాంటమ్ గురించి చెప్పే వీడియోల్లో చాలావరకు ఇదే లెక్క చూపించి, “మామూలు కంప్యూటర్‌కి దీన్ని తేల్చడానికి యుగాలు పడుతుంది” అంటారు. మొదటి మెలిక అక్కడే ఉంది. మామూలు కంప్యూటర్ అన్ని వరసలూ ఒక్కొక్కటిగా చూడదు. చూడాల్సిన పనే లేదు.

1954లో అమెరికాలో రాండ్ సంస్థకు చెందిన జార్జ్ డాంట్జిగ్, రే ఫుల్కర్సన్, సెల్మర్ జాన్సన్ అనే ముగ్గురు 49 ఊళ్లకు అతి తక్కువ దూరపు దారి కనిపెట్టారు. 48 రాష్ట్రాలకు ఒక్కో ఊరు, పైన వాషింగ్టన్. అంతకన్నా తక్కువ దూరం సాధ్యం కాదని రుజువు కూడా చూపించారు. పనికిరాని దారుల్ని గుంపులు గుంపులుగా పక్కకు నెట్టేసే కిటుకు వాళ్లది. ఆ విద్య పెరిగీ పెరిగీ 2006 నాటికి 85,900 చోట్లున్న లెక్కను, చిప్ తయారీ నుంచి వచ్చిన ఒక అసలు లెక్కను, మామూలు కంప్యూటర్లతోనే చివరిదాకా తేల్చారు. కాబట్టి క్వాంటమ్ యంత్రం పోటీ పడాల్సింది వేళ్లు మడిచి లెక్కపెట్టే అమాయకుడితో కాదు, డెబ్బై ఏళ్లు సానపట్టిన ఈ విద్యతో. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే మిగతా చరిత్రలో ఎవరు ఎక్కడ గొప్పలు చెప్పుకున్నారో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు దమ్మామ్ అన్న ప్రశ్న. రిఫైనరీల్లో పనిచేసినవాళ్లు చూసే ఉంటారు. మందపాటి పైపు జాయింట్ వెల్డ్ అయ్యాక దాని చుట్టూ హీటింగ్ ప్యాడ్లు కట్టి, థర్మోకపుల్ పెట్టి, కొన్ని వందల డిగ్రీలకు తీసుకెళ్లి, కాసేపు అక్కడే నిలబెట్టి, తర్వాత గంటకు ఇన్ని డిగ్రీలని కొలిచి దించుతారు. గబుక్కున చల్లారిస్తే లోపల ఒత్తిడి మిగిలిపోయి జాయింట్ పగలొచ్చు. ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర చేసేదీ ఈ కుటుంబంలోదే. లోహాల పనిలో దీన్ని ఎనీలింగ్ అంటారు. వేడి మీద ఉన్నప్పుడు లోపలి అణువులు కదిలి సర్దుకుంటాయి. మెల్లగా చల్లారితే ఒక్కోటీ తనకు హాయిగా ఉండే చోటు వెతుక్కుంటుంది. తొందరపెడితే అడ్డదిడ్డంగా ఇరుక్కుపోతాయి.

ఈ పనిని కాగితం మీద లెక్కగా మార్చే దారి 1953లో లాస్ అలమోస్‌లో, మానియాక్ అనే కంప్యూటర్ మీద దొరికింది. ఆ పద్ధతిని లోకమంతా ‘మెట్రోపొలిస్ అల్గారిథమ్’ అంటుంది, వ్యాసం మీద మొదటి పేరు నికొలస్ మెట్రోపొలిస్‌ది కాబట్టి. ప్రోగ్రామ్ రాసింది మాత్రం అరియానా రోజెన్‌బ్లూత్ అనే ఆవిడ. పని ఒకరిది, బోర్డు మీద పేరు ఇంకొకరిది. మనకు ఇది కొత్త కాదులెండి.

ముప్పై ఏళ్ల తర్వాత, 1983లో, ఐబీఎమ్‌లో పనిచేసే స్కాట్ కిర్క్‌పాట్రిక్, డేనియల్ గెలాట్, మారియో వెకీ అనే ముగ్గురు సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. వాళ్ల చేతిలో ఉన్న తలనొప్పి చిప్‌ల డిజైన్. వేల భాగాల్ని ఎక్కడ పెడితే తీగల పొడవు తగ్గుతుందీ అని. లోహాన్ని చల్లార్చినట్టే లెక్కనీ చల్లారిస్తే పోలేదా అనుకున్నారు.

గుట్టలూ లోయలూ ఉన్న నేల మీద కళ్లకు గంతలు కట్టి, అన్నిటికన్నా పల్లపు చోటు వెతకమన్నారనుకోండి. ఎప్పుడూ కిందికే దిగుతూ పోతే మొదట దొరికిన గుంటలో పడి, అదే అడుగు అనుకుని కూర్చుంటారు. అందుకని మొదట్లో ‘వేడి’ ఎక్కువ పెట్టి, అప్పుడప్పుడూ పైకి ఎక్కడానికి కూడా ఒప్పుకుంటారు. అంటే కాస్త ఖర్చు ఎక్కువయ్యే దారికి మారినా సరేనంటారు. వేడి తగ్గేకొద్దీ ఎక్కడం మానేస్తారు. దీనికి సిమ్యులేటెడ్ ఎనీలింగ్ అని పేరు. ఇందులో క్వాంటమ్ ఏమీ లేదు. మీ ఫోన్‌లో కూడా నడుస్తుంది.

క్వాంటమ్ ముక్క వచ్చి కలిసింది కలకత్తాలో. ఈ సంగతి విదేశీ వీడియోల్లో అరుదుగా వినిపిస్తుంది కాబట్టి నేను కాస్త గట్టిగానే చెప్తాను. 1989లో సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్ నుంచి పురుషోత్తం రే, బికాశ్ చక్రబర్తి, అరుణవ చక్రబర్తి ఒక వ్యాసం అచ్చువేశారు. విషయం స్పిన్ గ్లాస్ అనే చిక్కటి అయస్కాంత పదార్థాలు. చిన్న చిన్న అయస్కాంతాలు ఒకదానితో ఒకటి పేచీ పడుతూ, ఎటు తిరిగితే అందరికీ కుదురుతుందో తేలక ఇరుక్కుపోయే పదార్థాలు. వాళ్లు చెప్పిన ఊహ ఇది: వేడితో గుట్ట ఎక్కి దిగడం ఒక దారి. క్వాంటమ్ లోకంలో ఇంకో దారి ఉంది, గుట్ట ఎక్కకుండా దానిలోంచి దూరిపోవచ్చు. టన్నెలింగ్ అంటారు దాన్ని. గుట్ట ఎంత ఎత్తున్నా సన్నగా ఉంటే దూరడం తేలిక. వెడల్పుగా ఉంటే కష్టం. ఈ ‘ఎత్తు, సన్నం’ అనే షరతు గుర్తుపెట్టుకోండి, పాతికేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

1998లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో తదాషి కదొవాకి, హిదెతొషి నిషిమొరి ఈ పద్ధతిని అచ్చంగా లెక్కలు తేల్చే పద్ధతిగా రూపుదిద్ది క్వాంటమ్ ఎనీలింగ్ అని చూపించారు. వేడి బదులు ఒక అయస్కాంత క్షేత్రాన్ని మెల్లగా తగ్గించుకుంటూ రావడం. 2000-2001లో అమెరికాలో ఎమ్‌ఐటీకి చెందిన ఎడ్వర్డ్ ఫర్హీ, జెఫ్రీ గోల్డ్‌స్టోన్, వాళ్ల మిత్రులు దాదాపు ఇదే దారిని వేరే వైపు నుంచి చేరుకున్నారు. ఇవన్నీ కాగితం మీది మాటలు, లేదా మామూలు కంప్యూటర్‌లో నకలు చేసి చూసినవి. అసలు యంత్రం ఏదీ అని అడిగితే 2007 దాకా ఆగాలి.

2007 ఫిబ్రవరి 13. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం. కెనడాకు చెందిన డీ-వేవ్ అనే కంపెనీ 16 క్యూబిట్ల యంత్రాన్ని లోకానికి చూపించింది. చూపించింది అంటే, తెర మీద చూపించింది. యంత్రం ఉన్నది కెనడాలో, బర్నబీలో. అక్కడి నుంచి లైన్ కలిపి మూడు లెక్కలు చేయించారు. ఒకటి అణువుల జాబితాలో పోలికలు వెతకడం, ఇంకోటి సుడోకు, మూడోది విందులో ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలి అనే లెక్క. ఆ మూడోది మన పెళ్లిళ్లలో పెద్దమనుషులు పంక్తి దగ్గర నిలబడి నోటి లెక్కగా చేసేదే. బావగారికీ చిన్నాన్నకీ మాటల్లేవు, వీళ్లని ఎదురెదురుగా వెయ్యొద్దు, అలాంటివి.

యంత్రం అక్కడ లేకపోవడం, లోపల ఏం జరుగుతుందో కొలిచి చూపకపోవడం, 16 క్యూబిట్ల లెక్కను ల్యాప్‌టాప్ కూడా కళ్లుమూసి తెరిచేలోపు చేసెయ్యడం, వీటన్నిటి వల్ల శాస్త్రవేత్తలు విరుచుకుపడ్డారు. వాళ్లలో స్కాట్ ఆరన్‌సన్ ఎక్కువ పేరుపడ్డాడు. నా మాట అడిగితే ఇద్దరిలోనూ కొంత న్యాయం ఉంది. కంపెనీ చెప్పుకున్నది ఎక్కువ, చేసి చూపించింది తక్కువ. అయినా యంత్రమంటూ ఒకటి కట్టకపోతే అది పనిచెయ్యదని తేల్చడానికైనా ఏమీ ఉండేది కాదు.

ఆ యంత్రం ఎలా ఉంటుందో చెప్తాను. నయోబియం అనే లోహంతో చేసిన కంటికి కనపడని రింగులు. ఒక్కో రింగులో కరెంటు కుడి వైపు తిరిగితే 0, ఎడమ వైపు తిరిగితే 1. బాగా చల్లగా ఉంచితే రెండు వైపులా తిరిగే స్థితి కలగలిసి ఉంటుంది. అదే క్యూబిట్. చల్లదనం అంటే మన చిల్లర్ల చల్లదనం కాదు. మైనస్ 273 డిగ్రీల దగ్గర, ఇంక దిగడానికి లేని చోటికి డిగ్రీలో వందో వంతు పైన. మొదట అన్ని రింగులూ ఎటూ తేల్చుకోకుండా ఉంటాయి. మెల్లగా ఒక క్షేత్రాన్ని తగ్గిస్తూ, మీ లెక్కలోని పేచీలను పెంచుకుంటూ పోతారు. చివర్లో ఒక్కో రింగు 0 గానో 1 గానో స్థిరపడుతుంది. ఇదంతా కొన్ని పదుల మైక్రోసెకన్ల పని. వచ్చిన జవాబు సరైనదే అని హామీ లేదు. అందుకే వెయ్యి సార్లు నడిపి, వాటిలో మంచిదాన్ని ఏరుకుంటారు.

అయితే బస్సుల సంగతి ఆ రింగులకు ఎలా చెప్తారు? ఈ భాగమే నాకు అన్నిటికన్నా ఇష్టం. ‘సజ్జా క్యాంపు 3వ వరసలో’ అనేదానికి ఒక క్యూబిట్. 1 వస్తే అవును, 0 వస్తే కాదు. అలా ప్రతి చోటుకూ ప్రతి వరసకూ ఒకటి చొప్పున. 10 చోట్లుంటే 100 క్యూబిట్లు. దూరాలన్నీ ఖర్చు కింద రాస్తారు. కానీ యంత్రానికి నియమాలు అర్థం కావు. ఒక చోటుకు ఒక్కసారే వెళ్లాలి, ఒకే సమయంలో రెండు చోట్ల ఉండకూడదు అని చెప్పడానికి దానికి భాషే లేదు. దానికి తెలిసిందల్లా మొత్తం ఖర్చు తగ్గించడం. అందుకని నియమం తప్పితే ఇంత జరిమానా అని ఖర్చులో కలుపుతారు.

అంటే ముఖాలఫా. గల్ఫ్‌లో స్టీరింగ్ పట్టినవాళ్లకి ఆ మాట వివరించక్కర్లేదు. ముఖాలఫా మరీ తక్కువ పెడితే, కట్టేసి పోదాంలే అని యంత్రం నియమాన్ని తొక్కేస్తుంది. ఒక క్యాంపును వదిలేసి దూరం కలిసొచ్చిందని చూపిస్తుంది. మరీ ఎక్కువ పెడితే ఇంకో చిక్కు. ఆ యంత్రంలో అంకెలు కరెంటుగా, క్షేత్రంగా పెట్టేవి. వాటికి ఒక పరిమితి ఉంటుంది. ముఖాలఫా పెద్దదైతే మామూలు దూరాల మధ్య తేడాలు దాని కింద నలిగిపోయి రొదలో కలిసిపోతాయి. ఎంత పెట్టాలి అనేది ఇప్పటికీ మనిషి చూసి చూసి సరిచేసుకోవాల్సిందే.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్తాను. మా కంపెనీ వాడేది క్వాంటమ్ కాదు, మామూలు రూట్ సాఫ్ట్‌వేర్. అయినా లోపల లెక్క ఇదే రకం. అది వచ్చిన మొదటి నెలలో ఒక డ్రైవర్ అన్నకి రాత్రి 11:30కి చివరి ట్రిప్పు, మళ్లీ తెల్లవారి 3:45కి మొదటి ట్రిప్పు పడ్డాయి. కాగితం మీద డీజిల్ బాగా మిగిలింది. నిద్రకు ఎవరూ ముఖాలఫా పెట్టలేదు, అంతే. ఆయన వచ్చి షీట్ నా టేబుల్ మీద పెట్టి, “తమ్ముడూ, ఇందులో నేను ఎప్పుడు పడుకుంటానో కూడా రాసివ్వు” అన్నాడు. మేము సాఫ్ట్‌వేర్ వాళ్లని పట్టుకుని, రెండు డ్యూటీల మధ్య విరామం తగ్గితే పెద్ద అంకె పడేలా చేయించాం. ఖర్చు కాస్త పెరిగింది. పైవాళ్లు ఎందుకు పెరిగిందని రెండు సార్లు మెయిల్ పెట్టారు. ఆ అంకె మాత్రం అలాగే ఉంది. యంత్రం ఏదైనా, ఆ అంకె ఎవరు రాస్తారన్నది యంత్రం బయటే తేలుతుంది.

సరే, చరిత్రలోకి వద్దాం. 2011లో డీ-వేవ్ 128 క్యూబిట్ల యంత్రాన్ని లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీకి అమ్మింది. ధర కోటి డాలర్ల దాకా అని వార్తలొచ్చాయి. దాన్ని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పెట్టారు. 2013లో గూగుల్, నాసా కలిసి 512 క్యూబిట్ల యంత్రం తెచ్చుకున్నాయి. ఇప్పుడిక బయటివాళ్లు కూడా చెయ్యిపెట్టి కొలవచ్చు. 2014లో జూరిక్‌లోని మథియాస్ ట్రోయర్ బృందం, మరికొందరు కలిసి ఆ తరం యంత్రంలో పనిచేసే 503 క్యూబిట్ల మీద యాదృచ్ఛికంగా తీసిన లెక్కలు నడిపి, మామూలు కంప్యూటర్‌తో పోల్చారు. క్వాంటమ్ వల్ల వేగం పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు. సైన్స్ పత్రికలో అదే రాశారు.

2015 డిసెంబరులో గూగుల్ ఇంకో పోలిక పెట్టి, 10 కోట్ల రెట్ల వేగం అంది. పేపర్లన్నీ మోగిపోయాయి. ఆ అంకె అబద్ధం కాదు. కానీ చదవాల్సిన తీరు వేరు. పోల్చింది ఒకే ఒక్క ప్రాసెసర్ కోర్ మీద నడిచే సిమ్యులేటెడ్ ఎనీలింగ్‌తో. లెక్కనేమో, గుట్టలు ఎత్తుగా సన్నగా ఉండేలా తామే కూర్చి పెట్టారు. కలకత్తా వాళ్లు 1989లో చెప్పిన షరతు చూశారా, సరిగ్గా అదే. ఆ చిప్ నిర్మాణాన్ని తెలుసుకుని రాసిన వేరే మామూలు ప్రోగ్రాములు ఆ లెక్కల్నే బాగా చేశాయి. ఈ సంగతి గూగుల్ వాళ్ల వ్యాసంలోనే ఉంది. హెడ్‌లైన్‌లో లేదు.

ఇంకో ఇబ్బంది తీగలది. ఆ తరం డీ-వేవ్ చిప్‌లలో ఒక్కో క్యూబిట్ నేరుగా ఆరింటితోనే మాట్లాడగలదు. మన బస్సుల లెక్కలో ప్రతిదీ ప్రతిదానితో ముడిపడి ఉంటుంది. అందుకని ఒక సంగతి చెప్పడానికి చాలా క్యూబిట్లను గొలుసుగా కట్టాలి. 2017లో వచ్చిన 2000 క్యూబిట్ల యంత్రంలో కూడా అన్నీ అన్నిటితో కలిసే లెక్కైతే పట్టేది 64 చిల్లర. అంటే 8 చోట్ల బస్సు. 2020లో 5000 దాటిన అడ్వాంటేజ్ యంత్రంలో ఒక్కోటి 15తో కలుస్తుంది కాబట్టి కొంత మెరుగు.

ఇదే కాలంలో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ 2017లో బీజింగ్ ట్యాక్సీల జీపీఎస్ లెక్కలు తీసుకుని, విమానాశ్రయానికి పోయే ట్యాక్సీలను వేర్వేరు దారుల్లో పంచే లెక్క డీ-వేవ్ మీద నడిపింది. 2019 నవంబరులో లిస్బన్ నగరంలో, వెబ్ సమిట్ జరిగిన రోజుల్లో, తొమ్మిది సిటీ బస్సులకు దారులు చూపించింది. అది నిజంగా రోడ్డు మీద జరిగింది, జనం ఎక్కారు, దిగారు. కానీ తొమ్మిది బస్సులకు క్వాంటమ్ అక్కర్లేదు. అది పనిచేసే వైరు ఉందా లేదా అని చూసిన పరీక్ష, అంతకు మించి కాదు.

సోహార్ తమ్ముడూ, ఇది నీ కోసం. పైన చెప్పినవాళ్లు కోట్ల డాలర్లు, ఏళ్ల తరబడి చదువు ఉన్నవాళ్లు. యంత్రం వాళ్ల గదిలోనే ఉంది. అయినా రోజువారీ అసలు లెక్కల్లో మామూలు కంప్యూటర్‌ని ఎప్పుడూ కొట్టేలా ఆ యంత్రంతో చేయించలేకపోయారు, ఆ సంగతి వాళ్లే వ్యాసాల్లో రాసుకున్నారు. అలాంటప్పుడు వాట్సాప్‌లో పేరు కూడా సరిగ్గా చెప్పని మనిషి దగ్గర షేర్ల ధరలు ముందే చూసే క్వాంటమ్ యంత్రం ఎక్కడిది? ఆ గ్రూపులో చూపిస్తున్న లాభం అంకెలు ఎవరో టైప్ చేసినవి. నీ స్నేహితుడికి మొదటి నెల వచ్చిన చిన్న మొత్తం కూడా తర్వాత చేరినవాళ్ల జేబులోదే అయ్యుంటుంది. ఆ గ్రూపులో ఇంకా ఉన్నవాళ్లకి ఈ పేరా పంపు.

ఇప్పుడు రెండో దారి. డీ-వేవ్‌ది ఒకే పనికి కట్టిన యంత్రం. ఐబీఎమ్, గూగుల్ కట్టేవి గేట్ల యంత్రాలు, అంటే మెట్టు మెట్టుగా ఆజ్ఞలిచ్చి నడిపేవి. వాటి మీద ఇలాంటి లెక్కలు నడిపే పద్ధతిని 2014 నవంబరులో అదే ఫర్హీ, గోల్డ్‌స్టోన్, శామ్ గుట్‌మన్ రాశారు. పొడి అక్షరాల్లో క్యూఏఓఏ. రెండే మీటలు. ఒకటి తిప్పితే లెక్కలోని పేచీ క్యూబిట్ల మీద పడుతుంది. రెండోది తిప్పితే క్యూబిట్లు కలగలుస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ, ఎంతెంత తిప్పాలో మామూలు కంప్యూటర్ పక్కన కూర్చుని సరిచేస్తూ ఉంటుంది.

వాళ్లు తీసుకున్న ఉదాహరణ మన క్యాంపు భాషలో ఇది: ఒకరితో ఒకరికి పడని మనుషులున్నారు. అందర్నీ రెండు గదుల్లో పంచాలి. పడని జంటలు వీలైనన్ని వేర్వేరు గదుల్లో పడాలి. ప్రతి మనిషికీ సరిగ్గా ముగ్గురితో పడదు అనుకుంటే, ఒక్కసారి మీటలు తిప్పినా, సాధ్యమైన అత్యుత్తమ పంపకంలో కనీసం 69 శాతం వస్తుందని రుజువు చేశారు. బాగానే ఉంది కానీ, 1995లోనే గోమెన్స్, విలియమ్‌సన్ అనే ఇద్దరు మామూలు కంప్యూటర్‌తో ఎలాంటి క్యాంపుకైనా 87.8 శాతం హామీ ఇచ్చి ఉన్నారు.

వెంటనే అదే డిసెంబరులో ఫర్హీ బృందం ఇంకో రకం లెక్క తీసుకుని, తెలిసిన మామూలు పద్ధతులకన్నా తమదే మెరుగని చూపించింది. క్వాంటమ్ గెలిచిందన్న సంబరం కొన్ని నెలలే. 2015లో పదిమంది మామూలు అల్గారిథమ్‌ల పండితులు ఒక్కటై, క్వాంటమ్ లేకుండానే అంతకన్నా మంచి హామీ ఇచ్చే పద్ధతి రాసిపడేశారు. ఈ పోటీ నాకు భలే నచ్చుతుంది. క్వాంటమ్ వాళ్లు ఒక అడుగు వేసిన ప్రతిసారీ మామూలు కంప్యూటర్ వాళ్లు నిద్రలేచి రెండడుగులు వేస్తారు. చివరికి మన ఫోన్లలో నడిచే లెక్కలు బాగుపడ్డది కూడా కొంత ఈ పోటీ వల్లే.

యంత్రం మీద నడిపి చూస్తే ఏమైంది? 2021లో గూగుల్ తన సికమోర్ చిప్ మీద 23 క్యూబిట్ల దాకా క్యూఏఓఏ నడిపిన ఫలితాలు నేచర్ ఫిజిక్స్‌లో అచ్చయ్యాయి. చిప్‌లో తీగలు ఎలా ఉన్నాయో లెక్క కూడా అలాగే ఉంటే పరిమాణం పెరిగినా ఫలితం నిలబడింది. మీటలు ఎక్కువసార్లు తిప్పితే, మూడు దాకా, మెరుగైంది కూడా. కానీ ముడులు వేరేగా ఉన్న లెక్కలు ఇచ్చినప్పుడు, పరిమాణం పెరిగేకొద్దీ ఫలితం దిగజారింది. ప్రతి గేటు దగ్గరా కాస్త తప్పు జరుగుతుంది. గేట్లు పెరిగితే తప్పులు పేరుకుంటాయి. ఎక్కువ మెట్లు ఎక్కితే మంచి జవాబు వస్తుందని కాగితం చెప్తుంది, ఎక్కేలోపే యంత్రానికి ఆయాసం వస్తుంది. వైరు నాణ్యత తక్కువైతే లైను ఎంత పొడుగు లాగినా చివర్లో బల్బు వెలగదు, ఎలక్ట్రీషియన్ అన్నలకి తెలిసిందే.

మూడో రకం యంత్రం అణువులది. 2022లో హార్వర్డ్ వాళ్లు లేజర్ కాంతితో రుబీడియం అణువుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని, 289 అణువుల దాకా వరసలో పెట్టి, వాటితో ఇలాంటి లెక్క నడిపారు. కొన్ని కష్టమైన ఉదాహరణల్లో సిమ్యులేటెడ్ ఎనీలింగ్ కన్నా బాగా చేసిందన్నారు. మరుసటి ఏడాదే వేరేవాళ్లు, అలాంటి లెక్కల్లో చాలావాటిని మంచి మామూలు ప్రోగ్రాములు తేలిగ్గానే తేల్చేస్తాయని చూపించారు. ఇదే రకం యంత్రం మన వైపు కూడా వచ్చింది. సౌదీ అరామ్కో 2024లో ఫ్రాన్స్‌కు చెందిన పాస్కాల్ కంపెనీతో 200 క్యూబిట్ల యంత్రం కోసం ఒప్పందం చేసుకుంది. దమ్మామ్ అన్నా, నీ రిఫైనరీ జాయింట్‌ని చల్లార్చే పద్ధతి పేరు పెట్టుకున్న విద్య, నీ గేటు పక్కకే వచ్చిందన్నమాట.

ఇక మన ఊరి సంగతి. 2025లో అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎమ్, టీసీఎస్ కలిసి ప్రకటించాయి. అందులో పెడతామని అప్పుడు చెప్పింది ఐబీఎమ్ సిస్టమ్ టూ, 156 క్యూబిట్ల హెరాన్ చిప్‌తో. గుంటూరు, విజయవాడ నుంచి చాలామంది గర్వంగా ఫార్వర్డ్ చేశారు. నాకూ సంతోషమే. మన పిల్లలు ఆ గదిలోకి వెళ్లి చేత్తో పట్టి నేర్చుకుంటే అది చిన్న సంగతి కాదు. కానీ “అన్నా, ఇక నీ ట్రిప్ షీట్లు అమరావతి నుంచే వస్తాయి” అని జోక్ చేసిన తమ్ముడికి లెక్క చెప్తాను. నా జెబెల్ అలీ రూటు ఒక్కదానికే 14 ఆగే చోట్లున్నాయి. 14ని 14తో గుణిస్తే 196. బయల్దేరే చోటు మార్చనని ఒప్పుకుని 13ని 13తో గుణించినా 169. ఆ చిప్‌లో ఉన్నవి 156. పైగా ఆ గేట్ల తప్పులు, నిద్ర ముఖాలఫా, శుక్రవారం సెలవులు ఇంకా కలపనే లేదు.

ఎపిసోడ్ ఆడియో పైన ఉంది. వచ్చే శుక్రవారం ఎండాకాలం మధ్యాహ్న విరామం నియమం గురించి మాట్లాడదాం. ఏ దేశంలో ఏ గంట నుంచి ఏ గంట దాకా పాటిస్తున్నారో, మీ సైట్ దగ్గర నిజంగా ఏం జరుగుతోందో వాయిస్ మెసేజ్ పెట్టండి. కంపెనీ పేరు చెప్పక్కర్లేదు.